గోధుమలేని అరటిపండు రొట్టె

రొట్టె అనగానే గోధుమపిండి జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని సీలియాక్ వ్యాధి గల బిడ్డ ఉన్న ఇంటిలో ఆ పిండి రవ్వంతయు హానికరమే. గోధుమ, బార్లీ, రై ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. అది కడుపులో పడినప్పుడు అట్టివారి శరీర రక్షణ వ్యవస్థయే చిన్నప్రేవుల లోపలి పొరపై తిరగబడును. తిన్నది ఒంటబట్టదు, బిడ్డ ఎదుగుదల కుంటుపడును. జీవితాంతము గ్లూటెన్‌ను మానుటయే దీనికి చికిత్స. అట్టి బిడ్డ పుట్టినరోజున అందరితో కూడి తినదగిన రొట్టెను గురించి నేడు ముచ్చటింపదలచితిమి.

ఈ వ్యాధికిని అరటిపండునకును పాత సంబంధము కలదు. అమెరికా శిశువైద్యుడు సిడ్నీ హాస్ 1924లో అరటిపండ్లు ప్రధానముగా గల పథ్యముతో కొందరు పిల్లలకు గుణము కనిపించినదని ప్రకటించెను. ఆ పథ్యములో రొట్టెకు, ధాన్యములకు చోటు లేదు. కీర్తి మాత్రము అరటిపండునకు దక్కినది. అసలు దోషము గోధుమదని డచ్చి వైద్యుడు విల్లెం డికె 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంత వ్యాసములో చూపెను. మేలు చేసినది పెట్టిన పండు కాదు, మానిన రొట్టె!

గోధుమపిండిని తడిపి పిసికినప్పుడు గ్లూటెన్ సాగెడి వలగా అల్లుకొని గాలిబుడగలను పట్టి ఉంచును. బియ్యపుపిండిలో ఆ వల లేదు. అందుచే రొట్టె పొడిపొడిగా విడిపోవును. ఆ లోటును కోడిగ్రుడ్లు, ఇసబ్‌గోల్ పొట్టు, అరటిపండు గుజ్జు కలిసి తీర్చును.

తొక్కపై నల్లమచ్చలు వచ్చునంతగా మాగిన పండ్ల గుజ్జు 300 గ్రాములు, గ్రుడ్లు 2, బెల్లపు పొడి 100 గ్రాములు, నూనె 80 మిల్లీలీటర్లు, పెరుగు రెండు పెద్ద చెంచాలు కలిపి గిలకొట్టవలెను. అందులో బియ్యపుపిండి 150 గ్రాములు, జొన్నపిండి 50 గ్రాములు, ఇసబ్‌గోల్ పొట్టు ఒక పెద్ద చెంచా, చిటికెడు ఉప్పు చేర్చి అరగంట నాననీయవలెను. నానని బియ్యపుపిండి నోటికి ఇసుకవలె తగులును. పిమ్మట ఒక చిన్న చెంచా వంటసోడా కలుపవలెను. అది పులుపుతో కలిసి వెంటనే పొంగును; కావున ఆలస్యము చేయక, నూనె రాచిన గిన్నెలో పోసి, ముందుగా వేడెక్కించిన ఓవెన్‌లో 175 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 55 నిమిషములు కాల్చవలెను. నడుమ గ్రుచ్చిన పుల్లకు పచ్చిపిండి అంటకున్నచో రొట్టె కాలినట్లే. పూర్తిగా చల్లారిన పిదపనే కోయవలెను.

అన్నిటికంటె ముఖ్యము పిండి శుభ్రత. మనకు ముందు గోధుమలు ఆడించిన పిండిమరలో మన బియ్యము పోసినచో మరలో మిగిలిన గోధుమపిండి మన డబ్బాలోనికి చేరును. గ్లూటెన్ లేనిదని అమ్ము ఆహారములో అది కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణము. కావున బియ్యము, జొన్నలు ఏరి, కడిగి, ఆరబెట్టి, ఇంటి మిక్సీలోనే పొడిచేసికొనుట మేలు. గోధుమపిండి జల్లించిన జల్లెడను వాడరాదు.

అనుమానము కలిగినంతనే గోధుమ మాన్పించి, పిదప పరీక్షకు పోవుట తగదు. గ్లూటెన్ తినుచున్నప్పుడే రక్తపరీక్షలో నిజము తెలియును. వైద్యుడు నిర్ణయించిన పిమ్మటనే పథ్యము. అప్పుడు ఈ రొట్టెనే ఇంటిల్లిపాది తినవచ్చును. బిడ్డకు వేరు పళ్లెము పెట్టవలసిన పని ఉండదు.