విజ్ఞానకల్పనానవలలు – చలనచిత్రములు : కథాంతములును స్త్రీపాత్రములును

శ్రవ్యకథ దృశ్యరూపమును దాల్చునపుడు మార్పు నొందుట నేడు పుట్టిన వింత కాదు. భారతమునందలి శకుంతల, తనకు జనించు కుమారునికే రాజ్యమియ్యవలెనని దుష్యంతునితో ముందుగనే నియమము చేసికొని, పిదప నిండుసభలో నతనితో నిర్భయముగ వాదించినది. కాళిదాసు దుర్వాసుని శాపమును గల్పించి, రాజునకు దోషము లేకుండ జేసి, శకుంతలను లజ్జావతియగు ముగ్ధనుగా దీర్చెను. వాల్మీకిరామాయణమున సీత భూమిలో బ్రవేశింపగా, భవభూతి యుత్తరరామచరితమున నామెను రామునితో మరల గూర్చెను. నాయకునకు గాని రసమునకు గాని విరుద్ధమగు దానిని విడువవలెననియు, లేదా వేఱువిధముగ గల్పింపవలెననియు ధనంజయుడు దశరూపకమున జెప్పియున్నాడు. పై రెండు నాటకములందును గమనింపదగిన దొకటి గలదు: కథాంతమును స్త్రీపాత్రమును వేఱువేఱుగ మాఱలేదు, ఒకదానికొఱకు రెండవది మాఱినది.

పాశ్చాత్యదేశముల విజ్ఞానకల్పనానవలలు చలనచిత్రములైనపుడును నీ సంబంధమే కానవచ్చుచున్నది. అయితే యిట్టి నవలలో గథాంతమునకు సామాన్యనవలలో లేని ప్రాధాన్య మొకటి గలదు. విజ్ఞానకల్పనానవల యొక యూహతో మొదలగును: మానవుడు ప్రాణమును సృజింపగలిగినచో నేమగును? కాలమున ముందునకు బోగలిగినచో నేమి కనబడును? తక్కిన కథయంతయు నా ప్రశ్నకు విచారణము, ముగింపు సమాధానము. కావున ముగింపు మాఱినచో దుఃఖాంతము సుఖాంతమగుట మాత్రమే కాదు, సమాధానమే మాఱుచున్నది.

మేరీ షెల్లీ 1818లో బ్రకటించిన “ఫ్రాంకెన్‌స్టైన్” నవల ఇందులకు మొదటి యుదాహరణము. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అను యువకుడు నిర్జీవపదార్థమునకు బ్రాణము పోసి, తాను సృజించినదానిని జూచి జడిసి విడిచిపోవును. లోకముచే దిరస్కృతమైన యా ప్రాణి విక్టరు తమ్ముని జంపును; ఆ నేరము జస్టిన్ అను నిరపరాధినిపై బడి, యామె యురిశిక్షకు గుఱియగును. విక్టరునకు గాబోవు భార్యయగు ఎలిజబెత్ న్యాయసభలో జస్టిన్ పక్షమున నిలిచి మాటలాడును. నిజ మెఱిగిన విక్టరు మౌనము వహించును. తరువాత ప్రాణి తనకొక తోడును సృజించి యిమ్మని కోరగా, విక్టరు మొదట నంగీకరించి, ఆర్క్‌నీ దీవులలో నొకదానియందు స్త్రీరూపమును నిర్మించుచు, నడుమ భయపడి దానిని ముక్కలు చేయును. అందులకు బ్రతిగా బ్రాణి వివాహరాత్రమున నెలిజబెత్తును జంపును. తుదకు విక్టరు ధ్రువప్రదేశపు మంచులో నోడపై మరణించును. ప్రాణి చీకటిలో మఱుగగును. సృజించి విడిచినవాని పాపము నిరపరాధులపై బడునను సంగతిని, అందును రక్షణ లేని స్త్రీలపై బడునను సంగతిని, ఈ నవల సమాధానముగ జెప్పుచున్నది.

జేమ్స్ వేల్ దర్శకత్వమున 1931లో వెలువడిన చిత్రమునందు జస్టిన్ లేదు. ఎలిజబెత్ వివాహదినమున భీతిల్లునే గాని మరణింపదు. జనులు గాలిమరకు నిప్పుపెట్టగా బ్రాణి యందు జిక్కుకొనును. చిత్రమున హెన్రీ యను పేరు గల సృష్టికర్త పైనుండి పడియు బ్రతుకును. వంశమున బుత్రుడు కలుగవలెనని యతని తండ్రి పానపాత్ర నెత్తుచుండగా గథ ముగియును. అపరాధము చేసినవానికి గృహసౌఖ్యము దక్కవలెనన్నచో భార్య బ్రతికియుండవలెను గదా! కావున నెలిజబెత్తునకు బ్రాణము మిగిలినది. న్యాయసభలో ధ్వనించిన యామె వాక్కు పోయినది.

ఐనను చలనచిత్రము సర్వత్ర నవలకు దీసివేతయే యనరాదు. వేల్ దర్శకత్వముననే 1935లో “ఫ్రాంకెన్‌స్టైన్ వధువు” అను రెండవ చిత్రము వచ్చినది. నవలయందు విక్టరు స్త్రీరూపమును ఛేదించుటకు గల కారణములలో నొకటి, ఆమె తన తోడును నిరాకరింపవచ్చునను శంక. ఆ శంక యచట నతని మనస్సులోనే యుండి, ఆ స్త్రీ కన్ను తెఱువకుండగనే నశించినది. చిత్రమునం దామె కన్ను తెఱచును. తనకొఱకు నిర్ణయింపబడిన వరుని జూచి కేకవేసి తొలగును. పురుషులు కుదిర్చిన వివాహమును వధువు ఒక్క మాటయైన లేకయే కాదన్నది. నిరాశుడైన ప్రాణి యా గోపురమును గూల్చివేయును. ఎల్సా లాంచెస్టర్ అను నటియే యాదియందు మేరీ షెల్లీగను దుదియందు వధువుగను గనబడుట యీ చిత్రమునకు మఱియొక విశేషము.

నవలలో లేని స్త్రీని జేర్చుట రెండవవిధము. హెచ్. జి. వెల్స్ “అదృశ్యమానవుడు” (1897) నందు గ్రిఫిన్ అను శాస్త్రజ్ఞుడు ఒంటరివాడు. తండ్రివద్దనున్న పరులసొమ్మును దొంగిలించి, యతని యాత్మహత్యకు గారణమయ్యు జింతింపనివాడు. అదృశ్యుడగుటకు బూర్వమే యతనియందు గ్రౌర్యము గలదు. ఇతరుల చూపు తొలగినంతనే యది విజృంభించినది. తుదకు జనులు చుట్టుముట్టి కొట్టగా మరణించును. వేల్ 1933లో దీసిన చిత్రమునందు ఫ్లోరా యను ప్రియురాలు గలదు. ఉన్మాదమునకు గారణ మొక మందని చెప్పబడెను. గ్రిఫిన్ శయ్యపై, ఫ్లోరా చెంతనుండగా, తప్పు నొప్పుకొని మరణించును. నవలలో దోషము మనుష్యునిది, చిత్రములో మందుది. అతడు స్వభావమున మంచివాడని సాక్ష్యమిచ్చుటకే ఫ్లోరా పుట్టినది. ఆమెకు వేఱు పని లేదు.

మరణించినదానిని బ్రతికించుట మూడవవిధము. వెల్స్ “కాలయంత్రము” (1895) నందు యాత్రికుడు 8,02,701వ సంవత్సరమునకు బోయి, మానవజాతి రెండుగ జీలియుండుట జూచును: నేలపై నాడుకొను సుకుమారులగు ఈలోయ్ జనులు, నేలక్రింద యంత్రములతో మెలగు మార్లాకులు. ధనికులును శ్రామికులును దరతరములుగ వేఱుపడుటచే నీ జాతు లేర్పడినవని యతని యూహ. నీట గొట్టుకొనిపోవుచున్న వీనా యను చిన్నదాని నతడు రక్షింపగా, నామె యతని వెంటనే తిరుగుచు, జేబులో బూలు పెట్టును. అడవిలో నిప్పు చెలరేగిన రాత్రి యామె నశించును. యాత్రికుడు మూడుకోట్ల యేండ్లకు మించి ముందునకు బోయి, యెఱ్ఱబడిన సూర్యునిక్రింద మానవుడు లేని సముద్రతీరమును జూచి వచ్చును. మరల బయలుదేరినవాడు మూడేండ్లు గడచినను రాడు. మిగిలినవి రెండు వాడిన తెల్లపూలు. బుద్ధియు బలమును నశించినను గృతజ్ఞత నశింపలేదనుటకు నవియే సాక్ష్యము. వీనా మరణింపనిచో నా పూల కంతటి బరువు రాదు.

జార్జ్ పాల్ 1960లో దీసిన చిత్రమున మానవజాతి చీలికకు గారణము దీర్ఘయుద్ధము. ధనికశ్రామికభేద విమర్శనము తొలగినది. ఆ చివరి సముద్రతీరము లేదు. వీనా యెదిగిన యువతి, బ్రతికియుండును. యాత్రికుడు ఈలోయ్ జనులను దిరుగబడజేసి, యింటికి వచ్చి, మూడు పుస్తకములను దీసికొని యామె యున్న కాలమునకే పోయినట్లు సూచింపబడినది. మానవజాతికి నంతము గలదని నవల చెప్పగా, ఒక్క పురుషుడు మూడు పుస్తకములతో దానిని నిలుపవచ్చునని చిత్రము చెప్పుచున్నది. వెల్స్ మునిమనుమడగు సైమన్ వెల్స్ 2002లో దీసిన చిత్రమునం దింకొక యడుగు ముందునకు బోయినది. దొంగచే హతురాలైన ప్రియురాలిని మరల బ్రతికించుకొనుటకే యాత్రికుడు యంత్రమును నిర్మించును; తుదకు భవిష్యత్కాలమున వేఱొక స్త్రీతో నిలిచిపోవును. యంత్రమునకు మూలము జిజ్ఞాస గాక వియోగమైనది. తెలుగున 1991లో వెలువడిన “ఆదిత్య 369” కాలయంత్రభావమును గ్రహించినదే కాని వెల్స్ కథను గాదు. అది యీ విచారణమున జేరదు.

ఈ మార్పులకు గారణము దర్శకుల యిచ్ఛ మాత్రమే కాదు. వెల్స్ నవలలో ముఖ్యభాగము యాత్రికుని యూహాపోహలు. ఊహ తెరపై గనబడదు. కనబడని భావమునకు ముఖ మొకటి కావలెను. ఆ ముఖము తఱచుగ స్త్రీముఖమైనది. మఱియు మూలనవలలందే స్త్రీలు స్వల్పముగ నుండిరి. వీనా మాటలు మిక్కిలి తక్కువ. ఆ కొఱతను దీర్చవచ్చినవారు స్త్రీకి స్థలమునైతే పెంచిరి, పని నొసగలేదు. ఆమె నాయకుని ప్రయత్నమునకు ఫలముగ నిలిచినది.

పోలెండు రచయిత స్టానిస్లావ్ లెమ్ “సోలారిస్” (1961) ఈ తారతమ్యమును జక్కగ దెలుపును. ప్రాణము గల మహాసముద్రము ఒక గ్రహమును గప్పియుండును. దానిని బరిశీలింపవచ్చిన కెల్విన్ ఎదుట, ఆత్మహత్య చేసికొనిన యతని భార్య హారీ మరల నిలుచును. ఆమె యతని జ్ఞాపకమునుండి యా సముద్రము కల్పించిన రూపము. తాను మానవస్త్రీ గానని యెఱిగిన హారీ, కెల్విన్ నిద్రించుచుండగా, సహచరుని సాయమున దన యంతమును దానే కోరుకొనును. కెల్విన్ సముద్రతీరమున దిగి, యర్థముగాని దానియెదుట నిరీక్షించుచు నిలిచిపోవును. మానవేతరమును మానవబుద్ధి యెఱుగగలదా యను ప్రశ్న తెఱచియే యుండును. తార్కోవ్‌స్కీ 1972 చిత్రమున హారీ నిర్ణయము నిలిచినది గాని, ముగింపున గెల్విన్ తండ్రి పాదములకడ మోకరిల్లును. ఆ యిల్లు సముద్రమధ్యమున నొక దీవియని తెలియును. ప్రశ్న జ్ఞానమును విడిచి పశ్చాత్తాపమును జేరినది. సోడర్‌బర్గ్ 2002 చిత్రమున దంపతులు తుదకు గలిసికొందురు. ఆమె యెన్నుకొనిన మరణ మట్లు వ్యర్థమైనది. ప్రేమకథను ప్రధానము చేయుటను లెమ్ ఒప్పుకొనలేదు.

కావున నిట్టి చిత్రములను దూచుటకు మూలమునుండి మాఱినవా యను ప్రశ్న చాలదు. మాఱుట దృశ్యమునకు సహజము. ఆ ముగింపు ఎవరి నిర్ణయమున వచ్చినదని యడుగవలెను. వాల్మీకి సీత భూప్రవేశము సభ యడిగిన పరీక్షకు ఆమె తానే యిచ్చిన యుత్తరము. భవభూతి యా యుత్తరమును దీసివేసినను, మూడవ యంకమున నామె హృదయమును బ్రేక్షకుల యెదుట విప్పియే కూర్చెను. మరణించిన స్త్రీని బ్రతికించుట తేలిక; బ్రతికినదానికి నిర్ణయాధికార మిచ్చుట కష్టము. ఎలిజబెత్తును వీనాను బ్రతికించిన చిత్రములు చేయలేని యా పనిని, కేకవేసి తొలగిన యా వధువు క్షణకాలమున జేసినది.