పాత ట్రాక్టరు ఇంజనులో చమురు కారుట – నివారణోపాయములు

1917వ సంవత్సరమున వెలువడిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు ఇంజనునకు చమురు పంపు లేదు. అడుగుతొట్టెలోని చమురు ఎగజిమ్మబడియే బేరింగులను తడుపును. కావున చమురు కారి తగ్గినచో బేరింగులు కాలి చెడిపోవును.

రైతులు మొదట కారు చోటును కనుగొనవలెను. చల్లారిన ఇంజనును కిరసనాయిలుతో తుడిచి, బాగుగా ఆరిన పిమ్మట సీమసున్నపు పొడి అద్ది, కొంతసేపు నడిపింపవలెను. పొడి మొదట తడిసిన చోటనే లోపము గలదు. చమురు జారి చేరిన చోట కాదు.

పిదప బ్రీదరు గొట్టమును శుభ్రపరుపవలెను. అది పూడినచో లోపలి వాయువు చమురును వెలికి నెట్టును. కొత్త గాస్కెట్టయినను నిలువదు. బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఒక్కదానినే మిక్కిలి బిగించినచో రేకు వంగి కారుట హెచ్చును. అప్పటికిని ఆగనిచో పాత గాస్కెట్టును గీకివేసి, కొత్త బెండు గాస్కెట్టు అమర్పవలెను.

ప్రతిదినము దున్నుటకు ముందు చమురు మట్టము చూచుట మరువరాదు.