చెవిలో మైకు, ఎదురుగా సముద్రపు దొంగలు

థీమ్ పార్కు రైడ్ శబ్దం పూర్తిగా ఏ టేపు మీదా ఉండదు. అదేమిటి, ప్రతి మాటా ప్రతి పాటా స్టూడియోలో రికార్డు చేసిందే కదా అనిపిస్తుంది. కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో 1967లో మొదలైన ‘పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్’నే తీసుకుందాం. పడవ సాగుతుంటే ఒక గట్టున వేలంపాట, ఇంకో గట్టున తాగినవాళ్ల కేకలు, కింద నీళ్ల చప్పుడు. ఎక్కడి స్పీకరు అక్కడ తన పాఠం తాను ఆగకుండా వల్లిస్తూనే ఉంటుంది. ఇన్ని గొంతులు కలిస్తే ఏదీ అర్థం కాదేమోనని రచయిత ఎక్స్ అటెన్సియో బెంగపడితే, పార్టీలో మనం ఇక్కడో మాట అక్కడో మాట వినమా, ఇదీ అంతే అన్నాడట వాల్ట్ డిస్నీ. గోలలోంచి కావలసిన గొంతును ఏరుకోవడం గురించి శాస్త్రవేత్త కోలిన్ చెర్రీ 1953లో ప్రయోగాలు చేశాడు. ఆ ఏరివేతకు రెండు చెవులూ ఉండటం ఎంతో సాయం. ఒకే మైకుతో పడితే గొంతులన్నీ ముద్దయిపోతాయి. అందుకే ఇలాంటి రైడ్‌ను ప్రయాణికుడి రెండు చెవుల దగ్గరా విడివిడిగా పట్టాలి. బైనారల్ రికార్డింగు చేసే పని అదే.

ఈ విద్య పుట్టిందే వినోదం కోసం. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో ఇంజినీరు క్లెమాన్ అడేర్ ఒపేరా వేదిక మీది టెలిఫోను మైకుల నుంచి తీగలు లాగి, దూరాన కూర్చున్న శ్రోతలకు ఒక్కో చెవికి ఒక్కో రిసీవరు ఇచ్చాడు. గాయకుడు ఏ పక్కకు కదిలాడో వాళ్లకు తెలిసిపోయింది. అయితే ఆ మైకుల మధ్య తల లేదు. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో బెల్ ల్యాబ్స్ ‘ఆస్కార్’ అనే బొమ్మకు చెవుల దగ్గర మైకులు పెట్టి ఆ లోటు తీర్చింది. ఎడమ నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి సుమారు 0.65 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. కీచు శబ్దాలకైతే తలే అడ్డుపడి వాటి బలం తగ్గిస్తుంది. శబ్దం పైనుంచా కిందనుంచా అన్నది చెవిదొప్ప మడతలు చెబుతాయి. జర్మనీలోని నాయ్‌మన్ కంపెనీ 1973లో తెచ్చిన కెయు 80 ఇవన్నీ ఉన్న కృత్రిమ తల. దాన్ని సీటు బెల్టు కట్టి రైడ్ ఎక్కిస్తామంటే ఏ పార్కు ఒప్పుకుంటుంది? అందుకే రైడ్ అభిమానులు శనగగింజంత మైకులను తమ చెవుల్లోనే పెట్టుకుంటారు.

అసలు టేపులుండగా ఇదంతా ఎందుకనేవాళ్లున్నారు. 1969 నాటి ‘హాంటెడ్ మాన్షన్’ అనే డిస్నీ రైడ్‌లో వ్యాఖ్యాత పాల్ ఫ్రీస్ గొంతు మనం కూర్చున్న బండిలోని స్పీకర్ల నుంచి వస్తుంది, దయ్యాల పాట గదిలోంచి వస్తుంది. రెండూ ఆ పాళ్లలో కలిసేది కూర్చున్నవాడి తల దగ్గర మాత్రమే. ఫ్లోరిడా ఎప్‌కాట్ పార్కులోని ‘హొరైజన్స్’ రైడ్ 1999లో మూతబడింది, తర్వాత దాని భవనాన్నీ కూల్చేశారు. ఇక టేపులన్నీ దొరికినా, ఆ శబ్దాలను కలిపిన గోడలూ దూరాలూ ఎక్కడినుంచి తెస్తాం?

ఇంకో అభ్యంతరం గట్టిది. ఒకరి చెవిదొప్పలా ఇంకొకరిది ఉండదు, కాబట్టి ఎదుటి శబ్దం కొందరికి వెనకనుంచి వచ్చినట్టుంటుంది. పైగా వినేవాడు తల తిప్పితే శబ్దలోకమంతా తలతో పాటే తిరుగుతుంది. రెండూ నిజమే. కానీ కుడి ఎడమల తేడాకు పెద్దగా ఢోకా ఉండదు. తల తిప్పే బెడద హాంటెడ్ మాన్షన్ లాంటి చోట ఇంకా తక్కువ. అక్కడ బండే మన ముఖాన్ని చూడవలసిన వైపు తిప్పుతుంది. రికార్డు చేసేవాడు మెడ కదపకుండా కూర్చుంటే చాలు, రూపకర్త ఉద్దేశించిన దిక్కే నమోదవుతుంది. పక్కవాళ్ల అరుపులు పడతాయన్న ఫిర్యాదును నేను పట్టించుకోను, జనం లేని రైడ్ ఎవరికి కావాలి?

రోలర్ కోస్టర్ల దగ్గర మాత్రం ఈ పద్ధతి అభిమానులు కాస్త ఎక్కువే చెబుతారు. ఆ వేగంలో గాలి మైకును నేరుగా కొడుతుంది. బొచ్చు తొడుగు కొంతవరకే కాస్తుంది. మిగిలిన హోరును ఫిల్టరుతో తీసేస్తే, పట్టాల గర్జనలో దిగువ స్థాయి సగం దానితోనే పోతుంది.