వంటింట్లో వర్ణమాల

ఇబ్రహీంపట్నంలో ఏ ఇంట్లోకి వెళ్ళినా ఇంగ్లీషు అక్షరాలు ఇట్టే దొరుకుతాయి. నిచ్చెనలో హెచ్, గోడ మూలలో ఎల్, మడత కుర్చీ కాళ్ళలో ఎక్స్. ఇంటి వస్తువుల్లో అక్షరాలు వెతికి ఫొటోలు తీయమంటే పిల్లలు చకచకా తీసుకొస్తారు. అదే 'అ' నుంచి 'ఱ' దాకా తెమ్మంటే తంటా మొదలవుతుంది.

అక్షరాలకూ వస్తువులకూ ఈ పోలిక ఎందుకు? శాస్త్రవేత్త మార్క్ చాంగీజీ బృందం 2006లో అనేక లిపులను పరిశీలించి ఒక వాదన చేసింది. అక్షరాల్లో గీతలు కలిసే తీరు, మన చుట్టూ ఉన్న వస్తువుల అంచులు కలిసే తీరును పోలి ఉంటుందట. బిందె వెనక గోడగీత దాక్కుంటే అక్కడ టీ ఆకారం వస్తుంది, పెట్టె మూల ఎల్ అవుతుంది. కన్ను వస్తువులను పోల్చుకోవడానికి ఇలాంటి కూడళ్ళు సాయపడతాయి. చదువు మానవజాతికి నిన్నమొన్నటిది, దానికోసం మెదడులో కొత్త భాగమేదీ పుట్టలేదు. వస్తువులను, ముఖాలను గుర్తుపట్టే ప్రాంతంలోనే ఎడమవైపు కొంత చోటు అక్షరాలకు మళ్ళిందని ఫ్రెంచి శాస్త్రవేత్త స్తానిస్లాస్ దెహాన్ అంటాడు.

గుండ్రని తెలుగు అక్షరాలు ఇలా అంచుల్లో సులువుగా దొరకవు గానీ, మన లిపి కూడా ఒకప్పుడు ఇంత గుండ్రం కాదు. దానికి మూలమైన అశోకుని కాలపు బ్రాహ్మీలో 'క' అంటే కూడిక గుర్తే. 'గ' రెండు గీతల గూడు, 'ఠ' ఉత్త సున్న, 'థ' సున్నలో చుక్క. అంటే మీ కిటికీ గ్రిల్ నిండా రెండు వేల రెండు వందల ఏళ్ళ నాటి 'క'లున్నాయి! తాటాకు మీద గంటంతో తిన్నగా అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి అక్షరాలు వంపు తిరిగాయని చెబుతారు. అదొక్కటే కారణమంటే నాకు పూర్తిగా నమ్మకం కుదరదు గానీ, కొట్టిపారేయలేం.

ఇక వేట. సున్న సులువు: గాజు, సర్వ మూతి. అయితే నిలబడి వాలుగా తీస్తే ఫొటోలో కోడిగుడ్డు వస్తుంది. సర్వ మూతి గుండ్రమని మెదడుకు తెలుసు, అందుకే ఏ పక్కనుంచి చూసినా గుండ్రంగానే అనిపిస్తుంది. కెమెరాకు ఆ తెలివి లేదు, తన మీద పడిన ఆకారాన్నే పట్టుకుంటుంది. బకెట్ పిడిని నిలబెడితే తెలుగు అంకె ౧. దాని నెత్తిన వంగిన మిరపకాయను తలకట్టుగా పెడితే 'గ'. రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి ఫొటోను నిలువుగా తిప్పితే విసర్గ.

ఈ తిప్పడంలోనే అసలు కిటుకుంది. కప్పు చెవి ఎడమకున్నా కుడికున్నా అది కప్పే. అక్షరానికి ఆ వెసులుబాటు లేదు. వస్తువుల విషయంలో పనికొచ్చే, కుడిఎడమలు పట్టించుకోని ఆ అలవాటును చదువు కోసం మెదడు మానుకోవాలి. పలక మీద పసివాళ్ళు అక్షరాలను అద్దంలోలా తిరగేసి రాసేది అందుకే. వాళ్ళను కసరొద్దు.

చదువు చూపును మారుస్తుందనడానికి మన లిపి మీదే ఒక పరిశోధన ఉంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆకాశ్ అగర్వాల్, కె.వి.ఎస్. హరి, ఎస్.పి. అరుణ్ తెలుగు చదివేవాళ్ళనూ మలయాళం చదివేవాళ్ళనూ పోల్చారు. ఒకేలాంటి అక్షరాల మధ్య వేరుగా ఉన్నదాన్ని వెతకమన్నారు. ఎవరి లిపిలో వాళ్ళే అక్షరాలను బాగా వేరుచేయగలిగారు. పక్కపక్కన రెండక్షరాలున్నప్పుడు ఒకదాని ఆకారం మరోదాన్ని గజిబిజి చేయడం కూడా తగ్గింది. ఆ గజిబిజి ఎంతన్నదాన్ని బట్టి ఎవరు ఎంత ధారాళంగా చదవగలరో అంచనా వేయగలిగారు. 2019లో వచ్చిన ఫలితాలివి. 'ప'కూ 'వ'కూ, 'మ'కూ 'య'కూ ఉన్న చిన్న తేడాలను రోజూ పట్టుకునే కళ్ళు మనవి మరి.

ఈ ఆదివారం పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి చూడండి. గుండ్రని వస్తువును నేరుగా పైనుంచి తీయమనండి, తలకట్టుకు వంకర మిరపకాయ ఏరి ఇవ్వండి. ఇల్లు చాలకపోతే చెరువు కట్ట ఉండనే ఉంది. 'ఞ' దొరికినవాళ్ళు మాత్రం ఆ ఫొటో మాకు తప్పక పంపండి.