చూపు బాగున్నా చదువు సాగనప్పుడు

కంటి పరీక్షలో ఏ లోపమూ కనబడదు. అయినా పుస్తకం తెరవగానే బిడ్డ తడబడుతుంది. మ, య, ప, వ వంటి దగ్గరి పోలికగల అక్షరాలను తారుమారు చేస్తుంది, పంక్తి తప్పుతుంది, నల్లబల్లమీది పాఠాన్ని చూచి వ్రాయలేకపోతుంది. చూచేది కన్ను; చూచినదానిని అక్షరంగా పోల్చుకొనేది మెదడు. ఆ పోల్చుకొనడంలోని చిక్కే దృశ్యగ్రహణ లోపం. ఇది సోమరితనమూ కాదు, మందబుద్ధీ కాదు.

మన ఇండ్లలో ఇది త్వరగా బయటపడదు. ఇంట తెలుగు, బడిలో కన్నడం, ఇంగ్లీషు. కొత్త భాష గనుక వెనుకబడిందని సరిపెట్టుకొంటాం. భాషే కారణమైతే అలవాటైనకొద్దీ తడబాటు తగ్గుతుంది. నేర్చిన ప్రతి లిపిలోనూ అది విడవకుంటే నిపుణులకు చూపాలి. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ఇట్టి పరీక్షలు చేస్తారు. చాలామంది పిల్లలలో అసలు చిక్కు చూపులో గాక, అక్షరానికి ధ్వనిని జతపరచడంలో ఉంటుంది. అందువల్ల పరీక్ష లేకుండా రంగుటద్దాల ప్రకటనలను నమ్మి ఖర్చుపెట్టకండి. వాటికి తగిన శాస్త్రాధారం లేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గ్రహణ లోపాలను, డిస్లెక్సియాను నిర్దిష్ట అభ్యసన వైకల్యాలలో చేర్చింది. ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన బడులు వీటిని తొలిదశలోనే కనిపెట్టాలని 16వ సెక్షను చెబుతుంది. పరీక్షలలో అదనపు సమయం, వ్రాయసకాని సాయం, రెండవ, మూడవ భాషలనుండి మినహాయింపు వంటి వెసులుబాట్లు 17వ సెక్షనులో ఉన్నాయి. వైకల్య ధ్రువపత్రంతో ప్రధానోపాధ్యాయునికి వ్రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. ఊరు మారినా, బడి మారినా ఆ పత్రాన్ని భద్రపరచుకొనండి.