నలభైల్లోనే శుక్లమా?

శుక్లం అనగానే తాతయ్యలు, అమ్మమ్మలు గుర్తొస్తారు. అరవై దాటాక కంటి కటకం మసకబారడంలో వింతేమీ లేదు. నలభై ఏళ్లకే రాత్రిపూట ఎదురొచ్చే బండి లైట్లు చెదిరిపోయి కనిపిస్తుంటే మాత్రం, ఆపరేషన్ ఎప్పుడని అడిగే ముందు ఎందుకొచ్చిందని అడగాలి. పావుగంటలో లెన్స్ మార్చేస్తున్న ఈ రోజుల్లో ఆ ప్రశ్న పాత కటకంతో పాటే చెత్తబుట్టలోకి పోతోంది.

మొదట అనుమానించాల్సింది షుగర్‌ని. కటకానికి రక్తనాళాలు లేవు, చుట్టూ ఉన్న ద్రవమే దానికి తిండి పెడుతుంది. అందులో గ్లూకోజ్ పెరిగితే కటకంలోకీ చేరి కొంత సార్బిటాల్‌గా మారుతుంది. అది త్వరగా బయటికి పోదు, పైగా నీటిని లాక్కుంటుంది. దాంతో కటకం ఉబ్బి మసకబారుతుంది. కటకం నడిమధ్య కణాలు తల్లి కడుపులో ఏర్పడినవే. చర్మంలా రాలిపోయి కొత్తవి రావు కాబట్టి, ఏళ్ల తరబడి తగిలిన దెబ్బలన్నీ అక్కడే పేరుకుంటాయి. ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్షలోనే తమకు షుగర్ ఉందని తెలిసి నిర్ఘాంతపోయేవాళ్లూ ఉన్నారు.

తర్వాత స్టిరాయిడ్లు. ఉబ్బసానికో కీళ్లవాతానికో డాక్టరు రాసినవైతే మోతాదుకు ఒక లెక్కుంటుంది. మోకాళ్ల నొప్పులకని చీటీ లేకుండా ఏళ్ల తరబడి మింగే బిళ్లలకు లెక్క ఎవరు రాస్తారు? కటకం వెనకభాగాన్ని మసకబార్చే ఆ మందే షుగర్‌నూ పెంచుతుంది, ఎముకలనూ గుల్ల చేస్తుంది.

శుక్లాన్ని చూసి ఒంటి సంగతి పసిగట్టిన గొప్ప ఉదంతం 1941 నాటిది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు దగ్గరికి పుట్టుశుక్లాలతో పసిపిల్లలు వరసగా వచ్చారు. ఆయన కళ్ల దగ్గరే ఆగకుండా తల్లులను ఆరా తీశాడు. దాదాపు అందరికీ గర్భం తొలి నెలల్లో రుబెల్లా సోకింది. ఆ పిల్లల్లో చాలామందికి గుండెలోనూ లోపాలున్నాయి. అంతవరకూ వైద్యలోకం రుబెల్లాను చిన్న దద్దుర్ల జ్వరంగానే చూసేది. ఇవాళ మన పిల్లలకు వేయిస్తున్న ఎంఆర్ టీకాలో రెండో అక్షరం ఆ రుబెల్లాదే.

అరుదైనవీ ఉన్నాయి. చిన్న వయసు శుక్లంతో పాటు బిగించిన పిడికిలి వెంటనే విప్పలేకపోతుంటే, అది వంశపారంపర్యంగా వచ్చే ఒక కండరాల జబ్బు కావచ్చు. అది గుండె లయనూ దెబ్బతీస్తుంది.

మతిమరుపు మాటా ఈమధ్య వినిపిస్తోంది. శుక్లం ఆపరేషన్ చేయించుకున్న పెద్దవాళ్లలో డిమెన్షియా సుమారు 30 శాతం తక్కువగా కనిపించిందని 2022లో ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. ఆపరేషనే కాపాడిందని దానితో తేలలేదు. ఆరోగ్యం బాగున్నవాళ్లే ఆపరేషన్‌కు ముందుకొచ్చి ఉండొచ్చు. ఇలాంటి వార్త చూసి బెంబేలెత్తడం కన్నా ఒక షుగర్ పరీక్ష మేలు.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో పని మిగిలే ఉంటుంది. ముదిరిన శుక్లం వెనక డాక్టరుకు రెటీనా సరిగా కనబడదు. కొత్త లెన్స్ పడ్డాక చూపు బాగుందని సంబరపడి ఊరుకోకుండా, చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఆ తర్వాత కూడా ఏటా.