వార్తల్లో పదం: ఆతిథేయ అణువు

గంజి వార్చి, బాగా చల్లారాక రెండు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. చిక్కటి నీలం! తెనాలి, రేపల్లె పొలాల బియ్యమైనా, బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో ఇచ్చిన బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి అయినా అంతే. గంజిలోని అమైలోజ్ దారంలా వంగే పొడవాటి అణువు. అయోడిన్ రాగానే దాని చుట్టూ స్ప్రింగులా చుట్టుకుంటుంది. చుట్టుకు సుమారు 6 గ్లూకోజ్ తునకలు. అమైలోజ్ ఆతిథేయి, అయోడిన్ అతిథి. చుట్టం గడప తొక్కాకే గది కుదురుకుంటుంది, ఎంత అబ్బురం! ఇలా అతిథిని ఎంచి పట్టుకునే ఆతిథేయ అణువులను రూపొందించిన రసాయన శాస్త్రవేత్తలు పెడర్సన్, క్రామ్, లెన్‌లకు 1987లో నోబెల్ దక్కింది. గంజిలో అమైలోజ్ పట్టు బలహీనమైన ఆకర్షణలదే. అందుకే గంజి వేడెక్కితే నీలం మాయమవుతుంది. మరీ మరిగించకుండా దించితే, చల్లారేకొద్దీ మళ్లీ తేలుతుంది.